ఉప్పు వెంట నీరు

మామిడికాయల కాలము వచ్చినదనగానే మన ఇండ్లలో మాగాయ పనులు మొదలగును. కాయలను చెక్కుతీసి, ముక్కలుగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెట్టుదురు. మూడవనాడు మూత తీసి చూచినచో ముక్కలు ఊటలో మునిగియుండును. జాడీలో ఎవ్వరును నీరు పోయలేదు. తడి తగిలినచో చెడునని చేతులు తుడుచుకొని మరీ కలిపిరి. మరి ఈ ఊట ఎక్కడినుండి వచ్చినది? ముక్కలనుండియే వచ్చినది. వానిని పిండినవారు లేరు. ఉప్పు తప్ప వానిపై పనిచేసినది వేరొకటి లేదు.

“ఉప్పు నీటిని లాగినది” అని పెద్దలు చెప్పుదురు. వంటింటి వ్యవహారమునకు ఈ మాట చాలును. కాని నీటిని పట్టి లాగుటకు ఉప్పునకు చేతులు లేవు గదా! అసలు జరిగినదేమి?

ఈ ప్రశ్న ఊరగాయతో ముగియునది కాదు. మన పెద్దలు మరిడి జాడ్యమని భయపడిన కలరా సోకినపుడు, రోగి శరీరములోని నీరు ఇట్లే ఊటవలె ప్రేగులలోనికి దిగిపోవును. జబ్బు తీవ్రమైనపుడు గంటకు ఒక లీటరు వరకు పోవుటయు కలదు. జాడీలో మనకు మేలుచేయు ధర్మమే అక్కడ ప్రాణము తీయును. ఆ ధర్మమును చక్కగా ఎరిగిన పిమ్మట, కొంచెము ఉప్పు, కొంచెము చక్కెరతో ఆ ప్రాణమును నిలుపు మార్గమును దొరకినది. ఆ మార్గము ఎట్లు పనిచేయునో తెలియవలెనన్నచో ముందుగా అణువుల నడకను తెలిసికొనవలెను.

విసరణము

గాజు గ్లాసులో నీరు పోసి, అది కదలక నిలిచిన తరువాత, అడుగున ఒక పొటాసియం పర్మాంగనేటు పలుకును మెల్లగా జారవిడువుడు. మొదట పలుకు చుట్టును మాత్రమే ఊదారంగు కనబడును. గరిటె పెట్టి కలుపకున్నను ఆ రంగు క్రమముగా పైకి ప్రాకును. కొన్ని దినములకు గ్లాసు నిండ ఒకే రంగు అగును. ఇట్లు ఒక పదార్థము, గాఢత ఎక్కువగానున్న చోటునుండి తక్కువగానున్న చోటునకు తనంతట తాను వ్యాపించుటను విసరణము అందురు.

దీనికి కారణము అణువుల ఎడతెగని చలనము. 1827లో రాబర్ట్ బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, పుప్పొడి రేణువులనుండి వెలువడిన సూక్ష్మకణములు నీటిలో నిలుకడ లేక ఇటునటు కదలుచుండుట సూక్ష్మదర్శినిలో చూచెను. నీటి అణువులు నలుదెసలనుండి తాకుటచేతనే ఆ కదలిక కలుగుచున్నదని 1905లో ఐన్‌స్టీన్ గణితముతో నిరూపించెను.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహము కలుగవచ్చును. అణువులు ఇష్టము వచ్చినట్లు తిరుగునప్పుడు, రంగు మాత్రము ఎక్కువ చోటునుండి తక్కువ చోటునకే పోవుటెట్లు? దారి చూపువారెవరు? ఎవ్వరును లేరు. ఒక గదిని రెండు భాగములు చేసి, ఎడమవైపున 100, కుడివైపున 10 అణువులు ఉన్నవనుకొందము. ఒక్కొక్క క్షణమున ప్రతి పదింటిలో ఒకటి గీత దాటుననుకొందము. అప్పుడు ఎడమనుండి కుడికి పది దాటును. కుడినుండి ఎడమకు ఒక్కటే దాటును. లెక్కకు మిగులునది కుడివైపునకు పోయిన తొమ్మిది. రెండువైపుల 55 చొప్పున సమానమైన తరువాత దాటునవి సమానమే కావున మార్పు కనబడదు. అంతేకాని చలనము ఆగదు. విసరణమంతయు ఈ కూడికలు తీసివేతల ఫలితమే.

విసరణమునకు ఒక చిత్రమైన లక్షణము కలదు. దగ్గరి దూరమునకు అది మిక్కిలి చురుకైనది. ఎక్కువ దూరమునకు మిక్కిలి మందమైనది. దూరము పదిరెట్లైనచో పట్టు కాలము నూరురెట్లగును. నీటిలో ఒక చిన్న అణువు మిల్లీమీటరులో నూరవవంతు దూరము పోవుటకు సుమారు సెకనులో ఇరువదవ వంతు చాలును. ఒక మిల్లీమీటరుకు ఎనిమిది నిమిషములు, ఒక సెంటీమీటరుకు పదునాలుగు గంటలు పట్టును. ఒక మీటరు దూరమునకైనచో పదునైదేండ్లకు పైబడును! జీవకణములు కంటికి కానరానంత చిన్నవిగా ఉండుటకు ఇది ఒక ముఖ్యకారణము. ఊపిరితిత్తులనుండి కాలివ్రేలి వరకు ప్రాణవాయువు విసరణముచేతనే రావలసియున్నచో మనము బ్రతుకలేము. కావుననే దూరప్రయాణము రక్తప్రవాహమునకు, చివరి అడుగు మాత్రము విసరణమునకు అప్పగింపబడినవి.

కాపలా గల గోడ

ఆ చివరి అడుగు వేయు చోటనే కణత్వచము అడ్డుగా నున్నది. ప్రతి జీవకణమును చుట్టియుండు ఈ పొర క్రొవ్వుజాతి అణువులు రెండు వరుసలుగా పేర్చినట్లుండును. 1925లో గోర్టర్, గ్రెండెల్ అను డచ్చి శాస్త్రజ్ఞులు ఎర్ర రక్తకణముల క్రొవ్వును వేరుచేసి, నీటిపై పరచి, అది కణముల ఉపరితలమునకు సుమారు రెండింతలు కప్పునని చూచి ఈ సంగతిని ఊహించిరి. ఆ జంటపొరలో ప్రోటీనులు అక్కడక్కడ పొదిగినట్లుండి, పొరతోపాటు కదలుచుండునని 1972లో సింగర్, నికల్సన్ అనువారు వివరించిరి.

ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు వంటి చిన్న అణువులు క్రొవ్వుపొరగుండ సులభముగా దాటిపోవును. విద్యుదావేశము గల సోడియము, క్లోరైడు వంటి అయానులు దాటలేవు. గ్లూకోజు వంటి పెద్ద అణువులును అట్లే. వానికి ప్రోటీను ద్వారములు కావలెను. నీరు క్రొవ్వుపొరగుండ కొంత దాటినను, వేగముగా పోవుటకు దానికిని ప్రత్యేక ద్వారములు కలవు. ఆక్వాపోరిను అను ఆ ప్రోటీను చేయు పనిని 1992లో పీటర్ ఆగ్రే నిరూపించెను. 2003లో ఆయన నోబెలు బహుమానము పంచుకొనెను. అట్టి ఒక్కొక్క ద్వారమున సెకనుకు సుమారు మూడువందల కోట్ల నీటి అణువులు దాటగలవు.

కాబట్టి కణత్వచము గోడయు కాదు, జల్లెడయు కాదు. కాపలావాడున్న గుమ్మము వంటిది. నీటిని పోనిచ్చి, నీటిలో కరిగిన ఉప్పును, చక్కెరను ఆపును. ఇట్టి పొరను అర్ధపారగమ్య త్వచమందురు. ఈ ఎంపికనుండియే ద్రవాభిసరణము పుట్టుచున్నది.

ద్రవాభిసరణము

1748లో ఫ్రాన్సు దేశమున నోలే అను మతాచార్యుడు, సారాయము నింపిన పాత్రకు పందిమూత్రాశయపు పొరను బిగించి నీటిలో ముంచియుంచెను. కొన్ని గంటలకు నీరు లోనికి చేరి ఆ పొర ఉబ్బెను. దానికి సూది గ్రుచ్చగా లోని ద్రవము పైకి చిమ్మెను. తరువాత డ్యుట్రోషే అను ఆ దేశీయుడే ఈ విషయమును విపులముగా పరిశోధించెను. 1877లో జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు పెఫర్, మట్టిపాత్ర గోడలో కృత్రిమముగా ఇట్టి పొరను ఏర్పరచి, దానివలన కలుగు పీడనమును కొలిచెను. నూటికి ఒకపాలు చక్కెర గల ద్రావణమునకే 50 సెంటీమీటర్లకు మించిన పాదరసపు ఎత్తు వచ్చెను. చక్కెరను రెండింతలు చేయగా పీడనమును సుమారు రెండింతలయ్యెను.

కారణమిది. పొరకు ఒకవైపున వట్టినీరు, రెండవవైపున ఉప్పునీరు ఉన్నవనుకొందము. నీటి అణువులు రెండువైపులనుండియు దాటుచునే యుండును. కాని ఉప్పు కలిసిన వైపున నీటి అణువుల స్వేచ్ఛ కొంత తగ్గియుండును. కావున అటునుండి ఇటు వచ్చునవి తక్కువ, ఇటునుండి అటు పోవునవి ఎక్కువ. ఉప్పు పొరను దాటగలిగినచో అదియే ఇటు వచ్చి లెక్క సరిచేసెడిది. అది దాటలేదు గనుక నీరే పోయి సరిచేయవలెను. కనుక “ఉప్పు లాగినది” అనుటకంటె, “ఉప్పు కదలలేనిచోట నీరు కదలినది” అనుట సరియైన మాట.

ఈ పీడనము కరిగిన వస్తువు జాతిని బట్టి కాక, కరిగిన కణముల సంఖ్యను బట్టి యుండునని 1887లో వాంట్ హాఫ్ చూపెను. ఉప్పు నీటిలో కరగగానే సోడియము, క్లోరైడు అని రెండుగా విడిపోవును. దాని అణుభారమును తక్కువ. అందుచేత లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు చేయు పనికి గ్లూకోజైనచో సుమారు 50 గ్రాములు కావలెను. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

రెండు బంగాళాదుంపలు తీసికొనుడు. ఒకదానిని ఉడికించుడు, రెండవది పచ్చిదిగానే ఉంచుడు. రెండింటి అడుగుభాగము చదునుగా కోసి, కొంతమేర తొక్కతీసి, పైన చిన్న గిన్నెవలె గుంట తొలుచుడు. గుంటలో ఒక్కొక్క చెంచా చక్కెర వేసి, రెండింటిని నీరున్న పళ్ళెములో నిలుపుడు. నీరు గుంట అంచును మించరాదు. కొన్ని గంటలకు పచ్చిదుంప గుంటలో నీరు ఊరి చక్కెరపాకము వలె నిండును. ఉడికిన దుంపలో అట్లు నిండదు. చక్కెర రెండింటిలోను ఒక్కటే, నీరును ఒక్కటే. తేడా కణత్వచముననే యున్నది. వేడికి అది చెడిపోయి కాపలా తప్పినది.

మాగాయ కథయు ఇప్పుడు పూర్తిగా తెలియును. తరుగునప్పుడు తెగిన కణముల రసము కొంత ఊటలో చేరును. కాని ముక్క లోపలి కణములు బ్రతికియే యున్నవి. బయటి ఉప్పు లోనికి పోలేదు; లోపలి నీరు బయటికి వచ్చును. కణములు ముడుతపడి, కొంతకాలమునకు చచ్చి, వాని పొరలు చెడిపోవును. అప్పుడు గుమ్మము తెరిచినట్లై ఉప్పు విసరణముచేత ముక్క నడిమి వరకు పోవును. ముక్కకు “ఉప్పెక్కినది” అని మనమనునది అప్పుడే. ఊరగాయను చెరుపవచ్చిన సూక్ష్మజీవులకును ఇదే గతి. తమలోని నీరు కోల్పోయి అవి పెరుగలేవు. పొలములో రసాయనిక ఎరువు మితిమీరినచో నీరుండియు పైరు మాడుటకు ఒక కారణమిదియే. వేళ్ళ చుట్టునున్న ద్రావణము వేళ్ళలోని రసముకంటె గాఢమైనచో వేరు నీరు పీల్చుటకు మారుగా పోగొట్టుకొనును.

రక్తకణము నేర్పిన పాఠము

మొక్క కణమునకు త్వచము వెలుపల గట్టి కణకవచము కలదు. నీరు ఎంత లోనికి వచ్చినను కవచము ఆపును. కణము బిగిసి నిలుచును. లేత కాడలు నిటారుగా నిలుచుట ఈ బిగువుచేతనే. జంతుకణమునకు కవచము లేదు. ఎర్ర రక్తకణములను వట్టినీటిలో వేసినచో అవి ఉబ్బి పగులును. గాఢమైన ఉప్పునీటిలో వేసినచో ముడుతపడును. లీటరుకు 9 గ్రాముల ఉప్పు గల నీటిలో వేసినచో మాత్రము మార్పు లేకుండ నుండును. అందుచేతనే వైద్యులు నరములలోనికి వట్టినీరు ఎక్కింపరు, సెలైను ఎక్కింతురు.

అట్లైనచో మన కణములు దినదినము ఉబ్బకుండ నిలుచుటెట్లు? లోపలి ప్రోటీనులు బయటికి పోలేవు. బయటి సోడియము కొంచెము కొంచెముగా లోనికి జారుచునే యుండును. ఊరకున్నచో ఏ కణమైనను ఉబ్బవలసినదే. దీనికి విరుగుడుగా త్వచములో ఒక పంపు పనిచేయుచున్నది. అది మూడు సోడియము అయానులను బయటికి నెట్టి, రెండు పొటాసియము అయానులను లోనికి తెచ్చును. డెన్మార్కు దేశపు స్కౌ 1957లో దీనిని వెల్లడించెను. విసరణమునకు ఖర్చులేదు, ఈ పంపునకు ఖర్చు కలదు. ఆ ఖర్చు ఏ.టి.పి. అను పదార్థము భరించును. ఏ.టి.పి.ని 1929లో కండరములనుండి వేరుచేసినవారిలో, భీమవరమున పుట్టి హార్వర్డులో ఫిస్కేతో కలిసి పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరగుట మనము తలచుకొనదగిన విషయము.

ప్రేగులలో దారి తప్పిన నీరు

ఇక కలరా సంగతి. మన చిన్నప్రేగు నీటిని నేరుగా పంపు చేయలేదు. అది సోడియము వంటి అయానులను, పోషకములను లోనికి తీసికొనును. నీరు వాని వెంట ద్రవాభిసరణముచేత వచ్చును. ఉప్పు పోయిన చోటికి నీరు పోవును. కలరా సూక్ష్మజీవి విడుచు ఒక విషమే ఈ వ్యాధికి మూలమని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే నిరూపించెను. ఆ విషము ప్రేగు కణములలోని క్లోరైడు ద్వారములను మూతపడనీయదు. క్లోరైడు ప్రేగులోనికి ప్రవహించును. దాని వెంట సోడియము, ఆ రెంటి వెంట నీరు. శరీరమే మాగాయ ముక్కయైనట్లు!

పోయిన నీటిని ఉప్పుతో సహా తిరిగి ఇచ్చినచో రోగి బ్రతుకునని 1832లోనే స్కాట్లండులో థామస్ లాటా నరములలోనికి ఉప్పునీరెక్కించి చూపెను. కాని నరమునకెక్కించుటకు శుద్ధమైన ద్రావణము, సూదులు, నేర్పరులు కావలెను. నోటితో త్రాగించరాదా? వట్టి ఉప్పునీరు త్రాగించిన లాభము లేకపోయెను. సోడియమును లోనికి తీసికొను సాధారణపు దారులు ఆ విషమువలన మందగించును.

అయితే ఒక దారి చెడలేదు. ప్రేగు కణములలో సోడియము, గ్లూకోజు కలిసి దాటు ద్వారమొకటి కలదని 1960లో ప్రాగ్ నగరపు సభలో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించెను. ఆ ద్వారము ఒక్కదానిని విడిగా పోనీయదు. ఇద్దరు జతగా వచ్చినచోనే తెరచు తలుపు వంటిది. కలరా విషము దీని జోలికి పోదు. కావున ఉప్పుతోపాటు గ్లూకోజును కలిపి త్రాగించినచో రెండును లోనికి పోవును. వాని వెంట నీరును తిరిగి వచ్చును. 1968లో ఢాకాలో నలిన్, క్యాష్ అను వైద్యులు రోగులకిట్లు త్రాగించి, నరమునకెక్కించవలసిన ద్రావణము చాలవరకు తగ్గునని చూపిరి.

దీనికి పెద్ద పరీక్ష 1971లో వచ్చెను. బంగ్లాదేశ్ యుద్ధకాలమున లక్షలకొలది కాందిశీకులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాలు చేరిరి. శిబిరములలో కలరా చెలరేగెను. బన్‌గావ్ ఆసుపత్రిలో రోగులు నేలమీద పడియుండిరి. సెలైను నిలువలు అడుగంటెను. అక్కడ పనిచేయుచున్న డాక్టరు దిలీప్ మహలనోబిస్ సాహసించి, ఉప్పు, గ్లూకోజు, తినుసోడా తూచి పొట్లములు కట్టించి, నీటిలో కలిపి, రోగుల బంధువులచేతనే కప్పులతో త్రాగించెను. అంతకుముందు నూటికి 30 వరకు నుండిన మరణములు, ఈ చికిత్స పొందినవారిలో నూటికి 4 కంటె తక్కువకు దిగెను. సూది లేదు, యంత్రము లేదు. కణత్వచపు గుట్టు తెలియుటయే ఆయుధము. 2022లో కన్నుమూసిన ఆ వైద్యునకు 2023లో పద్మవిభూషణ్ ప్రకటింపబడెను.

కొలత ఎందుకు?

ఈ ద్రావణమును చేయునపుడు “ఎక్కువ వేసినచో ఎక్కువ మేలు” అనుకొనుట ప్రమాదము. చక్కెర మితిమీరినచో ప్రేగులోని ద్రావణము రక్తముకంటె గాఢమగును. అప్పుడు నీరు లోనికి రాక, శరీరమునుండియే ప్రేగులోనికి పోయి విరేచనములు పెరుగును. తీపి ఎక్కువైన శీతలపానీయములు ఇట్టి రోగికి ఈయరాదనుటకు కారణమిదియే. ఉప్పు ఎక్కువైనను అపాయమే, పసిపిల్లలకు మరియును.

ఇంతకుముందు జ్ఞాపకముంచుకొనుమన్న కణముల లెక్క ఇక్కడ పనికివచ్చును. మన రక్తమున ఆ లెక్క లీటరుకు సుమారు 290 మిల్లీఆస్మోలులు. ప్రపంచ ఆరోగ్యసంస్థ మొదట సూచించిన ద్రావణమున 311 ఉండెడిది. అది రక్తముకంటె కొంచెము గాఢమైనది గదా! 2002లో దానిని 245కు తగ్గించిరి. ఇప్పటి పొట్లములో లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాసియం క్లోరైడు 1.5 గ్రాములు, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండును. సోడియము అయానుల లెక్కయు, గ్లూకోజు అణువుల లెక్కయు సరిగా సమానముగా, 75 చొప్పున, నుండుట గమనింపదగినది.

మన ఇండ్లలో విరేచనములైనవానికి ఉప్పు వేసిన గంజి త్రాగించుట పూర్వాచారము. ఇందులోను అర్థమున్నది. గంజిలోని పిండిపదార్థము పొడవైన అణువు. అందు వందలకొలది గ్లూకోజులు గొలుసువలె కూడియుండును. అంతటి గొలుసైనను లెక్కకు ఒక్కటే కణము. కావున ద్రావణమును గాఢము చేయకుండనే, ప్రేగులో మెల్లగా జీర్ణమై గ్లూకోజును అందించును. బియ్యపుపిండితో చేసిన ద్రావణము కలరా రోగులలో పూర్వపు గ్లూకోజు ద్రావణముకంటె విరేచనములను తగ్గించినట్లు పరీక్షలలో తేలినది.

పొట్లము దొరకినచో దానిని చెప్పిన కొలతనీటిలోనే, కాచి చల్లార్చిన నీటిలో, కలుపవలెను. దొరకనిచోట లీటరు నీటికి తలకొట్టిన టీ చెంచాలు ఆరు చక్కెర, అర టీ చెంచా ఉప్పు చాలును. దానిని కొంచెము కొంచెముగా త్రాగించుచు, ఆలస్యము చేయక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ఉపాధ్యాయులు విసరణము, ద్రవాభిసరణము బోధించునాడు నిర్వచనములతో ఆపక, ఈ కొలతను కూడ నల్లబల్లపై వ్రాయుట మంచిది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కనబడు ఈ పాఠము, ఏదో ఒకనాటి రాత్రి ఆ విద్యార్థి ఇంటిలో చిన్న తమ్ముని ప్రాణమునకు అక్కరకు రావచ్చును.